టేపు జుట్టు, సవరాలు: ఈ పెండ్లిళ్ళ నుంచి మా అంగట్లో మారేవి

కడపలో మా అంగడికి వచ్చే అక్కలకు, చెల్లెళ్ళకు ఒక మాట. ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి కాబట్టి ముందే చెబుతున్నాం. ఇకమీదట టేపు ఎక్స్‌టెన్షన్లు, అంటే గమ్ము పట్టీలతో సొంత జుట్టుకు అంటించే పెట్టుడు జుట్టు, అడిగిన అందరికీ పెట్టం. నెత్తికి నూనె పట్టించకుండా ఉండలేనివాళ్ళకు, 8 వారాల్లోపు వచ్చి తీయించుకోవడం కుదరనివాళ్ళకు క్లిప్పుల జుట్టో సవరమో ఇస్తాం. కొన్ని బేరాలు పోతాయని తెలుసు. అయినా ఇదే ఖాయం.

టేపు జుట్టు నిలబడే తీరు తెలిస్తే కారణం మీకే అర్థమవుతుంది. బొటనవేలు పొడవుండే సన్నటి పట్టీలు రెండు, వాటి నడుమ మీ సొంత జుట్టు పలుచటి పొర ఒకటి. కింద ఒక పట్టీ, పైన ఒక పట్టీ పెట్టి నొక్కుతాం. మధ్య పొర మందమైతే పై గమ్ము కింది గమ్మును అందుకోదు, రెండు రోజుల్లో జారిపోతుంది. మరీ పలచనైతే బరువంతా ఆ నాలుగు వెంట్రుకల మీదే పడుతుంది. మాడుకు ఆనించి పెట్టినా తప్పే, తల తిప్పినప్పుడల్లా గుంజుతుంది. అర సెంటీమీటరు ఎడం ఉండాల్సిందే. పెట్టిన తర్వాత 48 గంటలు తల తడపకూడదు, గమ్ము పూర్తిగా పట్టడానికి అంత సమయం కావాలి.

ఇక నూనె. కొబ్బరినూనె అయినా, ఆముదం అయినా గమ్మును మెత్తబరుస్తుంది. పట్టీ కిందికి జారుతుంది, అంచుల్లో గమ్ము బయటికి వచ్చి పక్క వెంట్రుకలను పట్టుకుంటుంది, దానికి దుమ్ము అంటుతుంది. ప్యాకెట్ల మీద ఉండే జాగ్రత్తలు తలకు నూనె పెట్టే అలవాటు లేనివాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసినవి. టేపు ఉన్నన్ని రోజులు నూనె చెవుల కింద నుంచి కొసల వరకే, అదీ నాలుగైదు చుక్కలు అరచేతుల్లో రుద్దుకుని. కండిషనర్ కూడా అంతే. ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకోరు, వారానికోసారి నెత్తికి నూనె అంటాల్సిందే అంటారా? మంచి అలవాటే, మానొద్దు, టేపు మానండి.

8 వారాల గడువు కూడా మేము బేరం కోసం పెట్టింది కాదు. జుట్టు నెలకు ఒక సెంటీమీటరుకు కాస్త పైగా పెరుగుతుంది. రెండు నెలలయ్యేసరికి పట్టీ మాడు నుంచి రెండు సెంటీమీటర్లకు పైగా దిగుతుంది, ఊగుతుంది, మెలిక పడుతుంది. ఆ మెలిక కుదురును గుంజుతుంది. పైగా ఎవరికైనా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. టేపులో ఇరుక్కున్నవి రాలినా కింద పడవు, పక్కవాటికి చుట్టుకుని మాడు దగ్గర జడలు కడతాయి. మూడు నాలుగు నెలలు వదిలేస్తే దువ్వెన దిగదు, కత్తెరే గతి.

అందుకే పెట్టిన రోజే తీసే తేదీ కార్డు మీద రాసిస్తాం. తీసే కూలి కూడా మొదటి బిల్లులోనే కలిపేశాం, డబ్బు కోసం వెనకాడి ఇంట్లో పీక్కోకూడదని. గమ్ము వదిలించే రిమూవరును పట్టీ పై అంచున పోసి రెండు మూడు నిమిషాలు ఆగితే పట్టీలు వాటంతట అవే విడిపోతాయి. నెయిల్ పాలిష్ రిమూవరు మాత్రం పోయొద్దు, మాడు మండుతుంది, జుట్టు పెళుసవుతుంది.

తీసినప్పుడు గుప్పెడు వెంట్రుకలు వస్తే చాలామంది బెదిరిపోతారు. ఒక్కటి తీసి వెలుగులో పట్టి చూడండి. నిండు పొడవుండి, ఒక కొసన తెల్లటి చిన్న గుబ్బ ఉంటే ఈ రెండు నెలల్లో సహజంగా రాలి టేపులో ఆగిపోయిన వెంట్రుకే అది చాలావరకు. పొట్టిగా, గుబ్బ లేకుండా ఉంటే తెగిన వెంట్రుక. అలాంటివే ఎక్కువ కనిపిస్తే మళ్ళీ పెట్టం.

కొందరికి అసలే పెట్టం. కాన్పయిన కొన్ని నెలలకు, టైఫాయిడ్, డెంగీ వంటి జ్వరాలు తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు బాగా ఊడుతుంది. ఊడుతున్న జుట్టుకు బరువు కట్టకూడదు, రాలడం ఆగి కొత్త జుట్టు వచ్చేదాకా ఆగాలి. కణతల దగ్గర, నుదుటి అంచున జుట్టు పలచబడి ఉన్నా, కుదుళ్ళ చుట్టూ చిన్న చిన్న పొక్కులున్నా అది చాలావరకు గుంజుడు వల్ల వచ్చిన దెబ్బ. మొదట్లోనే బిగింపు మానేస్తే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ళ తరబడి గుంజితే కుదురు మూసుకుపోతుంది, ఆ తర్వాత ఏ నూనె రాసినా రాదు. పెట్టిన రాత్రి తల నొప్పెట్టి నిద్ర పట్టకపోతే 'అలవాటవుతుందిలే' అనుకోకుండా మర్నాడే రండి, డబ్బు తీసుకోకుండా వదులు చేస్తాం.

పెట్టుడు జుట్టు బిరుసెక్కింది, చిక్కు పడుతోంది అని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం బోరు నీళ్ళవే. బకెట్టు అంచున తెల్లటి పొర కడుతుందే, అదే ఉప్పు జుట్టు మీదా కడుతుంది. సొంత జుట్టుకు మాడు నుంచి కాస్త జిడ్డు దిగుతుంది, పెట్టుడు జుట్టుకు అదీ ఉండదు, తొందరగా గరుకెక్కుతుంది. మామూలుగా బోరు నీళ్ళతోనే కడిగినా చివరి రెండు మూడు లీటర్లు క్యాన్ నీళ్ళు పోయండి. నెలకోసారి ఈడీటీఏ ఉన్న షాంపూ వాడితే పేరుకున్న ఉప్పు వదులుతుంది. శీకాయ పొడి మాత్రం వద్దు, నలుసులు పెట్టుడు జుట్టును కుట్టిన పట్టీలో దూరి ఎంత దువ్వినా రావు.

సవరాన్ని, క్లిప్పుల జుట్టును కడగడం ఇలా. ముందు పొడిగా ఉండగానే కొసల నుంచి పైకి దువ్వండి. రెండు లీటర్ల చల్లని నీళ్ళలో ఒక చెంచా షాంపూ కలిపి ముంచి, కుట్టు దగ్గర పట్టుకుని పై నుంచి కిందికి నిమరండి, పిసకొద్దు. కండిషనర్ కుట్టుకు రెండు అంగుళాల కింద నుంచి. పిండకుండా తువ్వాలులో అదిమి నీడన వేలాడదీయండి. మన ఎండలో మేడ మీద వేస్తే రంగు ఎర్రబారుతుంది. పూర్తిగా ఆరకుండా మడిచి పెడితే వాసన వస్తుంది. 15, 20 సార్లు పెట్టుకున్న తర్వాత ఒకసారి కడిగితే చాలు.

క్లిప్పులు నుదుటి అంచుకు, చెవులకు కనీసం ఒక అంగుళం లోపలికే. ప్రతిసారీ ఒకే పాయకు పెట్టకుండా అర అంగుళం అటో ఇటో జరపండి. పడుకునే ముందు తీసేయండి. పలచటి జుట్టుకు 100 గ్రాములు మించి మేము ఇవ్వం, ఎంత అడిగినా. సవరం అయితే మూడు పాయలది తీసుకోండి, ఒక్కో పాయ మీ ఒక్కో పాయలో కలిసి బరువు మూడుగా పంచుకుంటుంది. మెడ దగ్గరే బిగించకుండా మీ జుట్టుతో రెండు మూడు మలుపులు అల్లిన తర్వాతే కలపాలి.

పెండ్లికూతుళ్ళకు ఒక్క విషయం. తడి మల్లెపూలతో కట్టిన పూలజడ మోయలేనంత బరువు తూగుతుంది. దాన్ని సవరానికి దారంతో కుట్టించండి, పిన్నులతో సొంత జుట్టుకు గుచ్చనివ్వొద్దు. తలంబ్రాలు, ఫొటోలు అయిపోగానే తీసేయండి, రాత్రి రిసెప్షనుకు వేరే తేలిక జడ చాలు.

ధర సంగతి. వీధిలో సామాన్లిచ్చి కొనుక్కుపోయే చిక్కు వెంట్రుకల్లో కుదురు ఏదో కొస ఏదో కలగాపులగం. వెంట్రుక మీది పొలుసులు ఎదురెదురై రాసుకుని చిక్కు పడతాయి. దాన్ని దాచడానికి ఆసిడ్‌తో పొలుసు తీసి సిలికాన్ పూస్తారు. కొత్తలో తళతళలాడుతుంది, పూత కడుక్కుపోయాక ఉండ కడుతుంది. తిరుమల తలనీలాల్లా ఒకే తల నుంచి దిగి, కుదుళ్ళన్నీ ఒకవైపే ఉన్న జుట్టు ఖరీదు ఎక్కువ. తితిదే పొడవును బట్టి రకాలు విడదీసి ఈ-వేలంలో అమ్ముతుంది. మా దగ్గర రెండు రకాలూ ఉన్నాయి, ఏది ఏదో చెప్పే ఇస్తాం. నైలాన్ అనుమానముంటే ఒక్క వెంట్రుక తీసి మా ముందే కాల్చి చూడండి: జుట్టయితే ఈకలు కాలిన వాసనతో బూడిదవుతుంది, నైలానయితే కరిగి గట్టి పూసవుతుంది. నైలాన్ జుట్టుకు ఇస్త్రీ మిషను (హెయిర్ స్ట్రెయిటనర్) తగలనివ్వొద్దు. అసలు జుట్టుకైనా 180 డిగ్రీలు దాటొద్దు.

చూపించుకోవడానికి వచ్చేటప్పుడు ముందురోజు తలస్నానం చేసి, నూనె పెట్టకుండా, పగటిపూట రండి. ట్యూబ్‌లైటు కింద నలుపుకూ ముదురు గోధుమకూ తేడా సరిగ్గా తెలియదు. వాకిట్లో ఎండవెలుగులో మీ కొసల పక్కన పెట్టి రంగు కలుపుతాం.