నాక్సోస్ కొండ మీద మా టైరు మార్పించిన పెద్దాయనకు, ఇంకా కొందరికి

గ్రీస్‌లోని నాక్సోస్ దీవిలో మాకు సాయం చేసినవాళ్లకి థాంక్స్ చెప్పే ఈ పోస్టు మూడు నెలల కిందటే పెట్టాల్సింది. ఊరి నుంచి రాగానే ఆఫీసు, తర్వాత అమ్మానాన్నల తిరుగు ప్రయాణం, అలా పక్కన పడిపోయింది. మొన్న ఫోన్‌లో నాన్న నాలుగోసారి అడిగారు, "రాశావా లేదా" అని. వాళ్లకి తెలుగు రాదు కదా నాన్నా, ఎవరు చదువుతారు అంటే, "వాళ్లకి రాకపోతే ఏం, మనోళ్లకి తెలియాల గదమ్మాయ్" అన్నారు. కాబట్టి రాస్తున్నా. పేర్లు మాత్రం పెట్టడం లేదు, అడక్కుండా పెట్టడం బాగుండదు.

మేం మ్యూనిక్‌లో ఉంటాం. అమ్మానాన్న మార్కాపురం నుంచి ఈ ఆగస్టులో వచ్చారు. నాన్న ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవరు, అందులో సగం సర్వీసు దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ రోడ్డులోనే గడిచింది. అమ్మకి సముద్రమంటే కొత్తపట్నం, అది కూడా కార్తీక మాసంలో మూడు మునకలు వేసి బయటికొచ్చేయడం.

మొదటి థాంక్స్ మా ఆఫీసులోని గ్రీకు అమ్మాయికి. నేను ఆరు రోజుల్లో సాంటోరిని, మికొనోస్, నాక్సోస్ మూడూ చుట్టేద్దామని ఎక్సెల్ షీటు వేసి గొప్పగా చూపిస్తే, ఆమె రెండు దీవులు కొట్టేసి నాక్సోస్ ఒక్కటే ఉంచింది. "పెద్దవాళ్లని ఓడలెక్కించడం, దించడం, సూట్‌కేసులు లాగడం, దీనికే నీ సెలవులు సరిపోతాయి" అంది. అప్పుడు కొంచెం కోపమొచ్చింది కూడా. సైక్లేడ్స్ అనే ఈ గ్రీకు దీవుల గుంపులోకెల్లా నాక్సోసే పెద్దది, దాదాపు 430 చదరపు కిలోమీటర్లు, ఆరు రోజులుండి కూడా మేం సగం చూశామో లేదో.

ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు నుంచి ఐదు గంటల పైన ఓడ ప్రయాణం. ఊరు దగ్గరికొస్తుంటే ముందు కనబడేది ఒక గుమ్మం. గోడల్లేవు, కప్పు లేదు, నీళ్ల అంచున దిబ్బ మీద పాలరాతి గుమ్మం ఒక్కటే. పోర్తారా అంటారు. క్రీస్తు పూర్వం 6వ శతాబ్దంలో అపోలో గుడి కడదామని మొదలుపెట్టి పూర్తి చేయలేదు, మిగిలిన రాళ్లేమో తర్వాత వెనిస్ వాళ్లు వచ్చి పైన కోట కట్టుకోవడానికి పట్టుకుపోయారు. అమ్మ చూసి, "ద్వారబంధం ఎత్తి డబ్బుల్లేక ఆపేసిన ఇల్లులాగుందే" అంది. నేను చదివిన ట్రావెల్ బ్లాగులు ఏవీ ఇంత సరిగ్గా చెప్పలేదు.

రెండో థాంక్స్ ఆగియోస్ గియోర్గియోస్ బీచ్‌లో అమ్మ చెయ్యి పట్టుకున్న పెద్దావిడకి. ఈ బీచ్ ఊరికి ఆనుకునే ఉంటుంది, చాలా దూరం వరకు మోకాలి లోతే. ఇంకా తెల్లగా, పొడుగ్గా కావాలంటే దక్షిణంగా ఆగియోస్ ప్రొకోపియోస్, ఆగియా అన్నా, ప్లాకా ఒకదాని తర్వాత ఒకటి ఉన్నాయి, ప్లాకా ఒక్కటే నాలుగు కిలోమీటర్ల దాకా ఉంటుంది, మేం అన్నీ తిరిగాం, కానీ అమ్మ మనసు మాత్రం ఈ మోకాలి లోతు దగ్గరే ఉండిపోయింది. పొద్దున ఎనిమిదింటికే టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు, అందరూ డెబ్బై దాటినవాళ్లే, నడుము లోతు నీళ్లలో గుంపుగా నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. ఈతా గీతా ఏం లేదు, బోరింగు దగ్గర బిందెలు పెట్టి మాట్లాడుకున్నట్టే. అమ్మ చుడీదార్ అంచు ఎత్తి పట్టుకుని ఒడ్డునే తచ్చాడుతుంటే వాళ్లలో ఒకావిడ బయటికొచ్చి, ఏం మాట్లాడకుండా చెయ్యి చాపింది. అమ్మ నా వైపు చూసింది, నేను తలూపాను. పావుగంట తర్వాత చూస్తే అమ్మ కూడా ఆ గుంపులో నడుము లోతున నిలబడి ఊ కొడుతోంది. ఏం మాట్లాడుకున్నారే అంటే, "ఏముంటది, కోడళ్ల గురించే అయ్యుంటది" అంది. మర్నాడు ఆవిడ ఇంటి నుంచి ఇంకో టోపీ తెచ్చి అమ్మ నెత్తిన పెట్టింది. ఆ టోపీ ఇప్పుడు మార్కాపురంలో మిద్దె మీద మిరపకాయలు ఎండబెట్టేటప్పుడు పనికొస్తోంది.

భాష గురించి ఒక మాట. గ్రీకులో నీళ్లని నెరో అంటారు. నాన్న హోటల్లో మామూలుగా "నీరు" అన్నారు, సీసా తెచ్చి పెట్టారు. అప్పట్నుంచి ఆయనకి గ్రీకు వచ్చేసిందని నమ్మకం.

కొండల సంగతికొస్తే, జాస్ పర్వతం వెయ్యి మీటర్ల పైచిలుకు, ఈ దీవుల వరుసలో అదే ఎత్తు. జియస్ అనే గ్రీకు దేవుడు పెరిగింది ఇక్కడేనని వాళ్ల పురాణం. నేనూ మా ఆయనా ఆగియా మరీనా గుడి దగ్గర నుంచి ఎక్కాం, అమ్మానాన్నల్ని ఫిలోటిలో పెద్ద చెట్టు కింద కాఫీ బల్ల దగ్గర కూర్చోబెట్టి. పైన గాలి ఎంతుందంటే ఫోటో తీస్తుంటే ఫోన్ ఎగిరిపోతుందేమోనని భయం. అంతకుమించి చెప్పడానికేం లేదు, కొండ బాగుంది, మోకాళ్లు నొప్పులు పుట్టాయి. హల్కి ఊళ్లో సిట్రన్ ఆకులతో తీసే కిట్రోన్ అనే సారా బట్టీ 1896 నుంచి నడుస్తోంది. అమ్మ ఆ ఆకు నలిపి వాసన చూసి, "మన దబ్బాకు కదండీ ఇది, మజ్జిగలో వేసుకునేదానికి వీళ్లు సారా కాస్తున్నారు" అని నాన్నతో అంది. నాన్న మజ్జిగ సంగతి పక్కన పెట్టి రెండు రంగులు రుచి చూశారు.

ఇక అసలు సంగతి, ఐదో రోజు ఆదివారం.

అద్దె కారులో అపెరాంథోస్ చూసుకుని, కొరొనోస్ మీదుగా ఉత్తరపు కొసన ఉన్న అపొల్లోనాస్ వెళ్లాలి. అక్కడ పాత పాలరాతి గనిలో, చెక్కుతూ చెక్కుతూ వదిలేసిన పది మీటర్ల పైచిలుకు విగ్రహం వెల్లకిలా పడుకుని ఉంటుంది. అది చూడాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. చూడలేదు, ఇప్పటికీ చూడలేదు. అపెరాంథోస్ దాటాక ఒక మలుపులో మేకల మంద ఎదురొచ్చింది, దారిద్దామని నేను పక్కకి తీశాను, ఏదో రాయి టైరుని కోసేసింది. టప్ మని కూడా అనలేదు, బండి మెల్లగా ఒక పక్కకి ఒరిగింది. నాన్న దిగి, గొంతుక్కూర్చుని, టైరు పక్క గోడ మీద బొటనవేలు పెట్టి కింది నుంచి పైకి పాముకుంటూ పోయి ఒక చోట ఆపారు. వేలు గోరు దాకా లోపలికి దిగింది. "ఇది పంచర్ కాదమ్మాయ్, కోసుకుపోయింది. స్టెప్నీ తియ్యి" అన్నారు. డిక్కీలో స్టెప్నీ లేదు. ఒక నురగ డబ్బా, చిన్న మోటారు పంపు ఉన్నాయి. కోత పడిన టైరుకి నురగ కొడితే ఏం లాభం, పక్క నుంచి కారిపోతుంది. నాన్నకి ఎంత కోపమొచ్చిందంటే, ముప్పై ఏళ్లలో స్టెప్నీ లేకుండా డిపో గేటు దాటలేదు ఆయన. కారు ఇచ్చినవాళ్ల నంబరుకి పదకొండుసార్లు చేశాం, ఆదివారం, ఎవరూ ఎత్తలేదు. (కారు తీసుకునేటప్పుడు డిక్కీ తెరిచి చూడండి. నేను చూడలేదు, తప్పు నాది కూడా.) ఎండ, గాలి, అమ్మ బీపీ మాత్ర వేసుకునే టైము, దాంతోపాటు ఏదైనా తినాలి, బ్యాగులో ఉన్నది రెండు చిప్స్ ప్యాకెట్లు. చాలా టెన్షన్ పడ్డాను, పైకి కనపడనివ్వలేదు గానీ.

అప్పుడు వచ్చింది ఒక పాత పికప్ బండి, వెనక ఖాళీ గోతాలు. ఎనభై దగ్గర్లో ఉన్న పెద్దాయన దిగాడు. టైరు చూశాడు, నాన్నలాగే బొటనవేలు పెట్టి చూశాడు, ఇద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని తలలు అడ్డంగా ఊపారు. తర్వాత ఆయన మా అందరినీ చేత్తో పిలుస్తూ "పామే! పామే!" అని గట్టిగా అన్నాడు. అమ్మ కెవ్వున అరిచి కారు బానెట్ మీదికి ఎక్కినంత పని చేసింది. పామే అంటే గ్రీకులో పదండి పోదాం అని. ఆ సంగతి మ్యూనిక్‌కి ఫోన్ కొట్టి మా ఆఫీసమ్మాయిని అడిగితే గానీ తెలియలేదు, ఈలోపు మా ఆయన కర్ర కోసం వెతుకుతున్నాడు.

మా ఆఫీసమ్మాయి ఆ రోజు రెండు గంటలు ఫోన్ పట్టుకుని దుబాసీ పని చేసింది, ఆదివారం, వాళ్లింట్లో చుట్టాలున్నారట. ఇది ఆమెకి రెండో థాంక్స్.

పెద్దాయన ముందు అమ్మనీ నన్నూ అపెరాంథోస్‌లో ఒక కఫెనియోలో దింపాడు. కఫెనియో అంటే వాళ్ల కాఫీ కొట్టు, మగవాళ్లు పేకాడుతూ కూర్చునే రకం. తర్వాత వెనక్కి వెళ్లి, నాన్ననీ మా ఆయననీ, ఊడదీసిన చక్రాన్నీ ఎక్కించుకుని ఫిలోటిలో తన మేనల్లుడి షెడ్డుకి తీసుకెళ్లాడు. ఆదివారం మూసేసిన షెడ్డు. అన్నం తింటున్నవాణ్ని లేపుకొచ్చాడట. అతను సైజుకి సరిపోయే పాత టైరు ఒకటి వెతికి వేసి, టైరు డబ్బులు తీసుకున్నాడు, కూలీ తీసుకోలేదు. ఆ మేనల్లుడికీ, చల్లారిపోయిన ఆ అన్నానికీ ఒక నమస్కారం.

కఫెనియో ఆవిడ సంగతి ఇంకా చెప్పాలి. అమ్మ మాంసం ముట్టదని ఫోన్‌లో చెప్పించాం. ఆవిడ లోపలికెళ్లి ఒక బంగాళాదుంప, ఒక వంకాయ, ఒక గుడ్డు మూడూ చేతుల్లో పెట్టుకుని తెచ్చి అమ్మ ముందు చూపించింది. అమ్మ మొదటి రెంటి మీద వేలు పెట్టింది. నాక్సోస్ బంగాళాదుంపలకి గ్రీస్ అంతటా పేరుందని తర్వాత తెలిసింది, ఆ రోజు మాకు అవి ఆలివ్ నూనెలో వేగిన దుంప ముక్కలు, మీద కాస్త గ్రావియేరా చీజ్, అంతే. ముందు మాత్రం చిన్న గిన్నెలో చెంచాడు సిట్రన్ మురబ్బా, చల్లటి గ్లాసుడు నెరో. అమ్మ మాత్ర వేసుకుని గోడకి ఆనుకుంటే, ఆవిడ వీపు వెనక దిండు పెట్టింది. డబ్బులిస్తే చెయ్యి వెనక్కి పెట్టుకుంది, దుంపలకి కూడా.

అపెరాంథోస్‌లో వీధులన్నీ పాలరాతి పలకలే. ఆ కొట్టు గోడ మీద ఒక ముసలాయన ఫోటో ఉంది, తెల్ల మీసాలు. మానోలిస్ గ్లెజోస్ అట, 1922లో ఈ ఊళ్లోనే పుట్టాడు. 1941 మే 30 రాత్రి స్నేహితుడితో కలిసి ఏథెన్స్‌లో అక్రోపోలిస్ ఎక్కి నాజీ జెండా దింపేసింది ఈయనే. నాన్న తిరిగొచ్చాక ఇది చెబితే, యూనియన్ మనిషి కదా, లేచి నిలబడి ఫోటోకి నమస్కారం పెట్టారు. కొట్టంతా ఒక్కసారి మౌనం, ఆ తర్వాత ఎవరో బల్ల గుద్దారు, ఇంకో రౌండ్ కాఫీ వచ్చింది.

పెద్దాయన ఎమరీ గని కార్మికుడు. మనం ఎమరీ పేపర్ అంటామే, ఆ ఎమరీ ఈ కొండల్లో దొరికే రాయి. అపెరాంథోస్, కొరొనోస్ లాంటి కొన్ని ఊళ్లవాళ్లే తరతరాలుగా తవ్వేవారు. కొండ మీంచి ముత్సూనా రేవుకి తీగల మీద బుట్టల్లో దింపేవారు, ఆ ఇనప స్తంభాలు తుప్పుపట్టి ఇంకా నిలబడే ఉన్నాయి. ఫ్యాక్టరీల్లో తయారయ్యే సాన సరుకు వచ్చాక దీనికి గిరాకీ పోయింది. ఇదంతా ఫోన్‌లో అటూ ఇటూ తర్జుమా అవుతుంటే, మా అమ్మ వాళ్ల నాన్న మార్కాపురం పలకల గనిలో పనిచేశాడని నాన్న చెప్పించారు. రాతి దుమ్ము గురించి చెప్పడానికి మాత్రం ఫోన్ అక్కర్లేకపోయింది. నాన్న గుండె మీద అరచెయ్యి పెట్టి దగ్గి చూపించారు, పెద్దాయన తలూపి, తనూ అలాగే దగ్గి, మూడు వేళ్లు చూపించాడు. అన్నదమ్ములు ముగ్గురు.

ఆ ఊరివాళ్లకి అప్పటికప్పుడు రెండు పాదాలు కట్టి ప్రాసతో చెప్పే అలవాటుంది, కొత్సాకియా అంటారు, మన ఆశుకవిత్వంలాగే. వెళ్లేముందు పెద్దాయన మా టైరు మీద ఒకటి చెప్పాడు. ఫోన్‌లో మా ఆఫీసమ్మాయి పడీ పడీ నవ్వింది గానీ, తర్జుమా చేస్తే ప్రాస పోతుంది, మీకు నవ్వు రాదు అని చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

నాన్న జేబులోంచి ఇరవై యూరోల నోట్లు రెండు తీశారు. పెద్దాయన ఆ నోట్లని మడిచి మళ్లీ నాన్న చొక్కా జేబులోనే పెట్టి, జేబు మీద రెండుసార్లు తట్టాడు. పెట్రోలుకన్నా తీసుకోమని బతిమాలాం. "పామే" అని మమ్మల్నే బండెక్కమన్నాడు.

ఆ రాత్రంతా నాన్నకి అదే గొడవ, ఏదో ఒకటి ఇవ్వాలి, ఉత్త చేతులతో వచ్చాం అని. అక్టోబర్‌లో మార్కాపురం చేరిన వారానికే తెలిసినవాళ్ల దగ్గర ఒక పెద్ద పలక, చెక్క చట్రంతో, చేయించారు. పాత లుంగీలో చుట్టి, రెండు దళసరి అట్టల మధ్య పెట్టి, పోస్టాఫీసులో కౌంటరు అమ్మాయికి కథంతా చెప్పి మరీ పంపారట, సుద్దముక్కల డబ్బాతో సహా. చేరుతుందో పగులుతుందోనని నాకు అనుమానం.

పోయిన శుక్రవారం మా ఆఫీసమ్మాయి ఫోన్‌కి కఫెనియో నుంచి ఫోటో వచ్చింది. గ్లెజోస్ ఫోటో కింద మేకుకి మా మార్కాపురం పలక వేలాడుతోంది, ఒక మూల కొంచెం పెచ్చు లేచింది. దాని మీద నిలువు గీత గీసి, అటూ ఇటూ ఆ రోజు పేకాట లెక్కలు సుద్దతో వేసి ఉన్నాయి. ఎడమ పక్కన పెద్దాయన. ఓడిపోతున్నాడు.