వంటల పేజీలో ఉప్పుకు కొలత ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం వంటల పేజీలో కారం రెండు చెంచాలు, ధనియాల పొడి ఒక చెంచా అని లెక్కగా రాస్తారు. ఉప్పు దగ్గరకొచ్చేసరికి 'తగినంత' అంటారు. బీపీ మాత్రలు వాడేవాళ్ళున్న ఇంట్లో అన్నిటికన్నా ముందు కొలవాల్సింది ఉప్పునే. ఎంతమందికి ఎన్ని గ్రాములో దయచేసి అచ్చు వేయండి.

పెద్దవాళ్ళు రోజుకు 5 గ్రాముల లోపే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తలగొట్టి కొలిస్తే ఒక టీ చెంచా పొడి ఉప్పు దాదాపు అంత తూగుతుంది. నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు 600 గ్రాములన్నమాట. పచ్చళ్ళు, అప్పడాల ఉప్పు కూడా ఇందులోదే. కిలో ప్యాకెట్ నెల తిరక్కుండా అయిపోతోందంటే చేయి జోరుగా ఉన్నట్టే. చేపలు కడిగే కల్లుప్పును మాత్రం వేరే డబ్బాలో పెట్టుకోండి, లెక్క తప్పదు.

మన నెల్లూరు వంటలో అసలు చిక్కంతా పులుసుతోనే. చింతపండు, కారం ఎంత పడితే ఉప్పు అంత లాగుతుంది. చేపల పులుసులో ఉప్పొక్కటే తగ్గిస్తే పులుపు పైకి తేలి, తినేవాళ్ళు మళ్ళీ ఉప్పు చల్లుకుంటారు. అందుకని మూడింటినీ కలిపి పావు వంతు తగ్గించాలి. మొదట సగం ఉప్పే వేయండి, ముక్కకు పట్టడానికి అది చాలు. పులుసు దగ్గరపడ్డాక రుచి చూసి, కావాలంటేనే మిగతాది. ముందే మొత్తం వేస్తే నీరు ఇగిరేకొద్దీ ఉప్పెక్కుతుంది. కొత్త రుచికి నాలుక అలవాటు పడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, అప్పటిదాకా ఇంకా తగ్గించొద్దు.

ఎండుచేపల్ని గోరువెచ్చటి నీళ్ళలో అరగంట నానబెట్టి, నీళ్ళు మార్చి ఇంకోసారి కడిగి, కూరలో ఉప్పు వేయకుండానే ఉడికించండి. చివర చూసుకోవచ్చు.

ఆవకాయలో ఉప్పు తగ్గిస్తే బూజు పడుతుంది, ఆ పాళ్ళు కదపొద్దు. కిలో ముక్కలకు పావుకిలో ఉప్పు వేసే ఇళ్ళలో జాడీ మొత్తం మీద పదో వంతుకు పైగా ఉప్పే. 20 గ్రాముల పచ్చడి వేసుకుంటే రెండు గ్రాముల ఉప్పు లోపలికి పోయినట్టే, రోజు కోటాలో సగానికి దగ్గర. అన్నంలో అర చెంచా పచ్చడి చాలు, పెరుగన్నంలోకి ఆవకాయ నంజుకునే పూట పెరుగులో ఉప్పు మానేయండి.

ఉప్పులో బీపీని పెంచేది సోడియం. బజ్జీల పిండిలో వేసే వంటసోడా బరువులోనూ నాలుగో వంతుకు పైగా అదే. బిస్కెట్ ప్యాకెట్ మీద సోడియం మిల్లీగ్రాముల్లో రాసి ఉంటుంది, దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పెంతో తెలుస్తుంది.

కల్లుప్పు, సైంధవ లవణం మంచివని మార్చుకునేవాళ్ళు చాలామంది. మా జిల్లాలోని ఇస్కపల్లి ఉప్పు మడుల్లో పండిందైనా, ప్యాకెట్‌లో వచ్చిందైనా బరువుకు బరువు సోడియం దాదాపు ఒకటే. పైగా విడిగా అమ్మే వాటిలో చాలావరకు అయోడిన్ కలపరు.

సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళు, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు దాన్ని వాడితే ఒంట్లో పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. డాక్టర్ని అడగకుండా ఆ ప్యాకెట్ కొనొద్దు. నీరు పోయే మాత్రలు వాడే వృద్ధులు, ఎండలో చెమటోడ్చి పనిచేసేవాళ్ళు కూడా ఉప్పు ఒక్కసారిగా మానేయకూడదు.

ఇట్లు,
ఒక పోషకాహార నిపుణురాలు,
నెల్లూరు