సాక్ష్యాల్లో ‘చాలు’ అన్న మాట వినబడదేం?

ఎడిటర్ గారికి,

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం, అంటే దేవుడు చేసిన మేలును లేచి అందరి ముందు చెప్పుకునే సమయం వస్తే ఈమధ్య వేళ్ళ మీద లెక్కపెడుతున్నాను. పోయిన నెలలో మా చర్చిలో తొమ్మిది మంది లేచారు. ఇద్దరిది ఇల్లు పూర్తయింది. ఒకరి అబ్బాయికి అమెరికా వీసా వచ్చింది. ఒకరు కారు కొన్నారు. మిగతావన్నీ ఉద్యోగాలు, ప్రమోషన్లు. దేవునికి స్తోత్రం, కాదనను. కానీ ‘నాకున్నది చాలు, అందుకే స్తోత్రం’ అని లేచినవాళ్ళు ఒక్కరూ లేరు. నాకు అరవై ఆరేళ్ళు, నేనూ ఎప్పుడూ అనలేదు.

అనకపోగా 2018లో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి నాలుగు లక్షలు తెలిసిన విశ్వాసి ఒకాయన చేతిలో పెట్టాను. నూటికి మూడు రూపాయల వడ్డీ అన్నాడు. అంటే ఏడాదికి ముప్పై ఆరు. బ్యాంకులో అందులో పావు వంతు కూడా రాదు. నేను లెక్కల టీచర్ని, ఆ లెక్క రాక కాదు. నెలకు పన్నెండు వేల చొప్పున పదకొండు నెలలు వచ్చాయి. ప్రతి నెలా పన్నెండు వందలు దశమభాగమని, అంటే దేవునికిచ్చే పదో వంతని, కానుకల సంచిలో వేశాను కూడా. తర్వాత ఆయన ఫోను ఎత్తలేదు. మోసం చేసింది ఆయనే, కానీ ఆశపడింది నేనే.

మా అమ్మ డోర్నకల్ దగ్గర పల్లెలో కూలికి పోయేది. ఎసరు పెట్టి, బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేసేది. ఆదివారం అది గుడికి పోయేది. మా డయాసిస్‌లో, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతంలో, పాతవాళ్ళకు ఈ పిడికెడు బియ్యం తెలుసు. 1912లో ఇక్కడ బిషప్ అయిన అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్, పేదవాళ్ళు కూడా ఇవ్వగలరని నమ్మి నేర్పిన మనిషి. ఇంట్లో గింజలు తగ్గిన రోజున అమ్మ పిడికిలి చిన్నదయ్యేది గానీ మానేది కాదు. ‘మనకే లేవు కదా’ అని నేను పోట్లాడితే ‘ఇస్తున్నామంటే ఉన్నట్టే కదనే’ అనేది. అది నూరంతలై తిరిగొస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రాలేదు కూడా. ఆ పెంకుటింట్లోనే కన్నుమూసింది.

ఇప్పుడు యూట్యూబ్‌లో ‘విత్తనం వేయండి, నూరంతలు కోయండి’ అంటూ కింద క్యూఆర్ కోడ్ పెడుతున్నారు. బైబిల్లో పౌలు రాసిన మొదటి తిమోతి పత్రిక ఆరో అధ్యాయంలో, ధనాపేక్షే కీడులన్నిటికీ మూలమన్న వచనం అందరికీ కంఠతా వచ్చు. దానికి ఐదు వచనాల ముందే, భక్తి అంటే లాభం తెచ్చే సాధనం అనుకునేవాళ్ళను చెడిపోయిన మనసు గలవాళ్ళని పౌలు అన్నాడు. ఆ మాట ఈ ప్రసంగాల్లో నేను వినలేదు.

అన్నట్టు, కూలి పెంచమని అడిగేవాళ్ళకు తృప్తి గురించి వాక్యం చెప్పే పెద్దమనుషులనూ చూశాను. వాళ్ళు యాకోబు పత్రిక ఐదో అధ్యాయం తెరవాలి. అక్కడ ఎగ్గొట్టిన కూలే మొరపెడుతుంది. మా అమ్మ కూడా కూలి ఇవ్వని రోజున తృప్తిగా ఇంటికి రాలేదు, ఆసామి వాకిట్లో కూర్చుంది.

పాస్టర్లకు ఒక మనవి. వచ్చే కోత పండుగకు, ఈ ఏడాది కొత్తగా ఏమీ రానివాళ్ళను కూడా సాక్ష్యానికి పిలవండి. మా చర్చిలో నేను లేస్తాను. నాలుగు లక్షల సంగతి చెప్తాను. ఆ దశమభాగం ఏ వడ్డీలోంచి వచ్చిందో మా పాస్టర్ గారికి ఇంకా తెలియదు.

– విశ్రాంత గణిత ఉపాధ్యాయిని, మహబూబాబాద్ జిల్లా