షాట్ల లెక్క ముందు, డాలర్ల లెక్క తర్వాత

చిన్నీ,

నీ గ్రాంటు ప్రపోజల్ డ్రాఫ్టు రెండుసార్లు చదివాను. నువ్వు పట్టుకున్న ప్రశ్న మంచిది. పలచటి ఫాయిల్‌ని లేజరుతో కొడితే దాని వెనక నుంచి వచ్చే ప్రోటాన్ల శక్తి, ఫాయిల్ మందంతో ఎలా మారుతుందో శుభ్రంగా కొలిచి చూపిస్తే చాలామందికి పనికొస్తుంది. కానీ పదిహేను పేజీల్లో ఎక్కడా ఎన్ని షాట్లు, అంటే లేజరు ఎన్నిసార్లు కొట్టాలో రాయలేదు. లేజర్ ప్లాస్మా ప్రపోజల్‌ని బాగా చదివే రివ్యూయర్ మొదట వెతికేది అదే.

నువ్వు పెడుతున్నది అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ (ఎన్‌ఎస్‌ఎఫ్), ఇంధన శాఖ (డీఓఈ) కలిసి 1997 నుంచి నడుపుతున్న బేసిక్ ప్లాస్మా పథకానికి. అక్కడ డబ్బు ఇస్తారు, లేజరు ఇవ్వరు. లేజరు కోసం లేజర్ కేంద్రాల నెట్‌వర్క్ లేజర్‌నెట్‌యూఎస్‌కి విడిగా అడగాలి. డీఓఈ ఫ్యూజన్ విభాగం 2018లో మొదలుపెట్టిన ఆ నెట్‌వర్క్‌లో ఎంపికైతే బీమ్ టైమ్, అంటే లేజరు వాడుకునే సమయం, ఉచితమే. నీ స్టూడెంటు స్టైపెండు మాత్రం నీ గ్రాంటు మీదే పడుతుంది. రెండు ప్రపోజల్లు, రెండు గడువులు, రెండు కమిటీలు. గ్రాంటు వచ్చి బీమ్ టైమ్ రాకపోతే మొదటి ఏడాది ఏం చేస్తావో ఒక పేరా రాయి. సిమ్యులేషన్లు పూర్తిచేయడం, ప్రోటాన్ల శక్తి కొలిచే స్పెక్ట్రోమీటరు కట్టి కాలిబ్రేట్ చేయడం ఆ ఏడాదికి సరిపోయే పనులు.

ఇక షాట్లు. ఐదు రోజుల బీమ్ టైమ్ అనుకో. అలైన్‌మెంటుకి, ఫోకస్ చూసుకోవడానికి, టైమింగ్ కలపడానికి రోజున్నర పోతుంది. మిగిలేది మూడున్నర రోజులు. రోజుకి 20 చొప్పున 70 షాట్లు. ఐదింట ఒకటి ఏదో కారణంతో పనికిరాదు: ఫాయిల్ ముడతపడి ఉంటుంది, కెమెరా ట్రిగ్గర్ అందుకోదు. చేతికొచ్చేవి 56. నీ డ్రాఫ్టులో నాలుగు మందాలు, మూడు తీవ్రతలు ఉన్నాయి. షాటుకీ షాటుకీ తేడా ఉంటుంది కాబట్టి ఒక్కో మందం, తీవ్రత జతకి ఐదుసార్లు కొట్టాలి. అంటే 60. పట్టదు. తీవ్రతలు రెండుకి తగ్గిస్తే 40 అవుతుంది, 16 రిఫరెన్స్ షాట్లకి మిగులుతాయి. ఈ పట్టిక అర పేజీలో పెట్టు.

కొలరాడో స్టేట్ యూనివర్సిటీ అలెఫ్ లేజరు సెకనుకు 3.3 సార్లు కొడుతుందని రోజుకి వేల షాట్లు రాయకు. ఒక్క షాటుకే ఫాయిల్ చిరిగిపోతుంది. కొత్తది జరిపి, మైక్రాన్లలో ఫోకస్ దగ్గరికి తేవాలి. హోల్డరులో ఫాయిళ్లు అయిపోతే చాంబర్ తెరవాలి, మళ్లీ పంపులు పెట్టి వాక్యూమ్ దిగేదాకా కూర్చోవాలి. అందుకే ఎక్కువ ఫాయిళ్లు పట్టే హోల్డరుకి బడ్జెట్లో డబ్బు పెట్టు. రోచెస్టర్‌లోని ఒమెగా ఈపీ అయితే సంగతి వేరు. ఫ్లాష్‌ల్యాంపుల వేడికి గాజు యాంప్లిఫయర్లు వంపు తిరుగుతాయి, అవి చల్లారడానికే గంటన్నర పడుతుంది. ఏ లేజరుకి ఆ లెక్క.

తీవ్రత దగ్గర పెద్ద తప్పు జరిగింది. 10 జౌళ్ల శక్తి, 30 ఫెమ్టోసెకన్ల పల్స్, 5 మైక్రాన్ల మచ్చ అని చదరపు సెంటీమీటరుకి 1.7×10²¹ వాట్లు రాశావు. ఆ 10 జౌళ్లు, గ్రేటింగులతో పల్స్‌ని కుదించే కంప్రెసర్‌కి ముందు కొలిచినవి. గ్రేటింగులు దాటాక 6.5 మిగిలాయనుకో, అందులో సగమే ఆ మచ్చలో పడుతుంది. అప్పుడు వచ్చేది 5.5×10²⁰, నువ్వు రాసినదాంట్లో మూడో వంతు. ఏ జౌళ్లు, ఎక్కడ కొలిచినవో పక్కనే రాయి.

కాంట్రాస్టు, అంటే అసలు పల్స్‌కీ దానికి ముందొచ్చే కాంతికీ ఉన్న నిష్పత్తి, దాని మాట అసలే లేదు. అసలు పల్స్ 10²¹ అయితే, దానికంటే ముందొచ్చే నానోసెకన్ల కాంతి అందులో పది కోట్లో వంతు ఉన్నా 10¹³. నానోమీటర్ల ఫాయిల్ అసలు పల్స్ వచ్చేలోపే ఆవిరై ఉబ్బిపోతుంది. నువ్వు కొలిచేది ఫాయిల్ని కాదు, దాని పొగని. ముందొచ్చే కాంతిని వదిలేసి అసలు పల్స్‌ని మాత్రమే తిప్పి పంపే ప్లాస్మా మిర్రర్ కావాలని రాయి. దానికి ప్రతి షాటుకీ గాజు మీద కొత్త చోటు కావాలి, కొంత శక్తి కూడా పోతుంది. ఆ రెండూ షాట్ల పట్టికలో కనపడాలి.

డబ్బు దగ్గర ముఖ్యమైనది ఓవర్‌హెడ్, అంటే ఖర్చు మీద యూనివర్సిటీ వేసుకునే శాతం. రేటు 55 శాతం అనుకో, ఎక్విప్‌మెంటు హద్దు, అంటే ఏ ధర దాటిన పరికరం మీద ఓవర్‌హెడ్ పడదో అది, 10,000 డాలర్లు అనుకో. 9,500 డాలర్ల కెమెరా ఓవర్‌హెడ్‌తో కలిపి 14,725 అవుతుంది. 10,500 డాలర్ల కెమెరా 10,500కే వస్తుంది. మీ యూనివర్సిటీ హద్దు ఇంకా 5,000 దగ్గరే ఉందేమో గ్రాంట్స్ ఆఫీసులో అడుగు. స్పెక్ట్రోమీటరు అయస్కాంతాలు, చాంబరు, పంపు కలిపి ఒకే పరికరంగా కడుతున్నావు కాబట్టి, అన్నిటినీ ఒకే ఫ్యాబ్రికేషన్‌గా చూపవచ్చా అనేది కూడా అడుగు. ఒప్పుకుంటే ఒక స్టూడెంటు ప్రయాణ ఖర్చులు మిగులుతాయి. ప్రోటాన్లు తగిలితే రంగు మారే రేడియోక్రోమిక్ ఫిల్ము సరుకు కిందికే వస్తుంది. షాటుకి ఒక స్టాకు (ఫిల్ముల దొంతర) ఖర్చవుతుంది కాబట్టి 56 స్టాకులకి కాదు, 70కి పెట్టు. షాటు పడగానే పుట్టే విద్యుదయస్కాంత పల్స్‌కి (ఈఎంపీ) చాంబరు పక్కన కెమెరాలు, మోటార్ కంట్రోలర్లు ఆగిపోతాయి. షీల్డింగుకి, ఒక అదనపు కంట్రోలరుకి డబ్బు ఉంచుకో.

టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్ హైదరాబాద్ మిత్రులు టార్గెట్లు పంపుతామన్నారని చెప్పావు. డబ్బు చేతులు మారకపోయినా అలాంటి సాయం ఏ ఫారంలో చూపాలో గ్రాంట్స్ ఆఫీసుని అడిగి రాయి. స్నేహం కదా అని వదిలేయకు.

ప్రోగ్రామ్ డైరెక్టరుకి ఒక పేజీ సారాంశం పంపి ఫోన్ చేయి. ఈ ప్రశ్న వాళ్ల పథకంలోకి వస్తుందో లేదో పది నిమిషాల్లో చెప్తారు. ముందు నాకు షాట్ల పట్టిక పంపు. బడ్జెట్ షీట్ ఆ తర్వాత చూస్తాను. వేళకి తిను.

అమ్మ