ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టరు గారికి

నెలలు నిండినా నొప్పులు రాకపోవడంతో మా చెల్లికి అమలాపురంలో నొప్పుల సెలైన్ పెట్టారు. అర్ధరాత్రి దాటాక నొప్పి మీద నొప్పి, మధ్యలో ఊపిరి తీసుకునే సందే లేదు. "ఇంకాస్త స్పీడు పెంచండమ్మా, తొందరగా అయిపోద్ది" అని మా పెద్దమ్మ ఒకటే గొడవ. మీరు వినలేదు. పొట్ట మీద చెయ్యేసి, గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టారు. 10 నిమిషాల్లో నొప్పులు 5 దాటాయి. బిడ్డ గుండె చప్పుడు 110 కన్నా కిందికి జారుతోందని తెలియగానే సెలైన్ ఆపేసి, చెల్లిని ఎడమ పక్కకు తిప్పి, డాక్టరు గారికి ఫోన్ చేశారు. ఆ తర్వాత కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నారు, ప్రతి నొప్పి తర్వాతా గుండె చప్పుడు వింటూ. "140 అండీ, పర్లేదు" అన్నప్పుడు మీ మొహంలోనూ టెన్షన్ తగ్గింది. పాప పుడుతూనే కేక పెట్టింది. మీ పేరు అడిగేలోపు డ్యూటీ మారిపోయింది. సిస్టర్లందరికీ అని పూతరేకులు పంపాం, మీదాకా వచ్చాయో లేదో. చాలా థాంక్సండీ.