సింధియా పేరుతో పాటు ఇంచ్‌కేప్ కథా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ 5న జాతీయ నౌకాయాన దినోత్సవం జరుపుకుంటూ, 1919లో బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరిన ‘లాయల్టీ’ ఓడనూ, సింధియా కంపెనీనీ, దాని స్థాపకుల్లో ఒకరైన వాల్‌చంద్ హీరాచంద్‌నూ తలుచుకుంటాం. అది సబబే. కానీ ఆ కంపెనీ ఎవరితో తలపడవలసి వచ్చిందో ఆ రోజు చెప్పేవారు కనబడరు. విశాఖపట్నంలో నిత్యం ‘సింధియా’ దగ్గర బస్సు దిగే మనలో, అది ఒక ఓడల కంపెనీ పేరని ఎంతమందికి తెలుసు? ఆ కంపెనీకి ఎదురు నిలిచిన ఇంచ్‌కేప్ ప్రభువు పేరు ఎంతమంది విన్నారు?

ఆయన అసలు పేరు జేమ్స్ లైల్ మెకై. 1852లో స్కాట్లండ్‌లోని ఆర్‌బ్రోత్ అనే రేవు పట్టణంలో పుట్టి, 1874లో కలకత్తా వచ్చి, బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ వ్యవహారాలు చూసే మెకినన్ మెకెంజీ సంస్థలో చేరాడు. చాలా సమర్థుడు, కష్టజీవి. అందులో సందేహం లేదు. అయితే వ్యాపారంలో ఎదిగినకొద్దీ ప్రభుత్వంలోనూ ఆయనకు పీట పడుతూ వచ్చింది. 1891 నుంచి 1893 వరకు వైస్రాయి శాసన మండలిలో సభ్యుడు. 1897 నుంచి 1911 వరకు లండన్‌లో బ్రిటిష్ ప్రభుత్వపు భారత వ్యవహారాల మంత్రికి సలహా చెప్పే ఇండియా కౌన్సిల్‌లో సభ్యుడు. ఆ మంత్రి పదవిలో ఉన్న మార్లీ ఆయనను వైస్రాయిగా పంపాలని కూడా తలచాడు గాని, ప్రధాని ఆస్క్విత్ ఒప్పుకోలేదు.

ఆ కౌన్సిల్‌లో ఆయన ఉన్న కాలంలోనే, 1906లో, తూత్తుకుడిలో వి.ఓ. చిదంబరం పిళ్ళై స్వదేశీ ఓడల కంపెనీ పెట్టారు. దాన్ని దెబ్బతీయడానికి బ్రిటిష్ ఇండియా కంపెనీ తూత్తుకుడి–కొలంబో ప్రయాణ ఛార్జీలను విపరీతంగా తగ్గించింది. చివరికి జనాన్ని ఊరికే ఎక్కించుకుని గొడుగులు కూడా పంచిందని చెబుతారు. 1908లో చిదంబరం పిళ్ళై రాజద్రోహ నేరం మీద జైలుపాలయ్యారు. ఇదంతా మెకై దగ్గరుండి చేయించాడని నేను ఆరోపించడం లేదు. స్వదేశీ కంపెనీ దాఖలు చేసుకునే మొర చేరవలసిన చోట దాని పోటీదారు కూర్చుని ఉన్నాడన్నదే నా బాధ.

ఇది మనకు సంబంధం లేని కథ కాదు. విశాఖపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవుల నుంచి కూలికోసం రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళిన మన పల్లెల జనం డెక్కు మీద కిక్కిరిసి ప్రయాణించింది ఎక్కువగా బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడల్లోనే. 1914లో పి. అండ్ ఓ. అనే మరో బ్రిటిష్ ఓడల కంపెనీ, బ్రిటిష్ ఇండియా కలిసిపోయాక ఆ రెండింటికీ పెద్ద ఆయనే. 1922–23లో భారత ప్రభుత్వ ఖర్చుల తగ్గింపు సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. సింధియా ఓడల సామర్థ్యం 75,000 టన్నులు దాటకూడదని ఇంచ్‌కేప్ పక్షంతో పదేళ్ళ ఒప్పందం కుదిరింది కూడా 1923లోనే. ఇక తీర వర్తకాన్ని భారతీయ ఓడలకే ప్రత్యేకించాలని 1928లో సభ్యుడు ఎస్.ఎన్. హాజీ కేంద్ర శాసనసభలో పెట్టిన బిల్లు చట్టం కానే లేదు.

ఇంచ్‌కేప్ 1932లో మొనాకోలో తన సొంత విలాస నౌకలో కన్నుమూశాడు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ విశాఖలో సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. 1948 మార్చిలో అక్కడి ‘జల ఉష’ను నెహ్రూ నీటిలోకి దింపారు. ఓడలు కొనుక్కుంటే చాలదు, మన రేవులోనే కట్టుకోవాలన్న పట్టుదల ఎందుకు పుట్టిందో ఇంచ్‌కేప్ జీవితం తెలియకుండా విద్యార్థులకు అర్థం కాదు.

కాబట్టి వచ్చే ఏప్రిల్ 5 నాటికైనా, ఆయన ఏ సంవత్సరాల్లో ఏ ప్రభుత్వ పదవిలో ఉన్నాడో, అదే సంవత్సరాల్లో ఆయన కంపెనీ ఏం చేసిందో పక్కపక్కన చూపే ఒక ఫలకాన్ని సింధియా కూడలిలో పెట్టించాలనీ, పాఠ్యపుస్తకంలో చిదంబరం పిళ్ళై పాఠం ఉన్నచోట ఇంచ్‌కేప్ గురించి కనీసం ఒక పేరా చేర్చాలనీ సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం