మంత్రిగారూ, ‘ఉచిత వసతి కల్పించబడును’ అంటే మంచం ఉన్నట్టా, లేనట్టా?

ఎన్నారై వ్యవహారాలు చూసే మంత్రిగారికి,

నమస్కారం. మాది తిరుపతి, నేను ఇంగ్లీషు టీచర్ని. కువైట్‌లో రెండేళ్ళు పనిచేసి 2025 జూన్‌లో తిరిగొచ్చాను. అక్కడ వసతి పేరుతో నాకిచ్చిన ఖాళీ ఫ్లాటు గురించి ఇప్పటికి మూడు అర్జీలు పెట్టుకున్నాను, అందుకని ఈ ఉత్తరంలో మర్యాద అక్కడక్కడా తప్పితే ఏమీ అనుకోవద్దు.

మొదటి అర్జీ ఫొటోలతో సహా ఇచ్చాను. తీసుకున్నాయన ఫొటోలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసి, ‘ఇల్లు బాగానే ఉంది కదమ్మా, గోడలు నీట్‌గా ఉన్నాయి’ అన్నాడు. అవును సార్, గోడలే ఉన్నాయి, నా అర్జీ కూడా అదే. రెండోదానికి ‘ఇది మా పరిధిలోకి రాదు, పై ఆఫీసుకు పంపాం’ అన్నారు. ఆ పై ఆఫీసు ఏదో, ఎక్కడుందో ఎంత అడిగినా చెప్పలేదు. మూడోది ఆన్‌లైన్‌లో పెట్టాను. పదకొండో రోజు ఏడో క్లాసు పిల్లలకు పాసివ్ వాయిస్ చెప్తుంటే ఫోన్ మోగింది, చూస్తే ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని మెసేజ్. ఎవరు పరిష్కరించారు, ఏం పరిష్కరించారు, నాకు తెలియకుండా ఎలా పరిష్కారమైంది, ఏమీ లేదు. పిల్లలకు పాసివ్ వాయిస్‌కి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదనుకుని బోర్డు మీద అదే రాసి పెట్టాను.

నా గొడవంతా ఆ ‘బడును’తోనే మొదలైంది. మీ విదేశీ ఉద్యోగాల మేళాలు ఎలా జరుగుతాయో మీకు చెప్పక్కర్లేదు, రిబ్బన్ కత్తిరించేది మీవాళ్ళే. నేను వెళ్ళిన మేళాలో ఇచ్చిన కాగితంలో జీతం అంకెల్లో ఉంది, విమానం టికెట్ సంగతి ఒక లైనులో ఉంది, ఆ కింద ‘ఉచిత వసతి కల్పించబడును’ అని ఉంది. టేబుల్ దగ్గర కూర్చున్నాయన్ని, ‘వసతి అంటే ఎట్లా ఉంటుంది సార్?’ అని అడిగాను కూడా. ‘ఏసీ ఫ్లాటమ్మా, ఇక్కడ మీ ఇంటికన్నా బాగుంటుంది’ అన్నాడు. పాపం ఆయన అబద్ధం చెప్పలేదు. ఏసీ ఉంది, ఫ్లాటూ ఉంది.

సార్, మేం తిరుపతి వాళ్ళం. వసతి అనే మాట మాకు కొత్తది కాదు, మా ఊరు బతికేదే దాని మీద. శ్రీనివాసంలోనో, విష్ణునివాసంలోనో రూము తీసుకున్నవాళ్ళు మంచం ఉంటుందా అని అడగరు. కొండ మీద రూము దొరక్క హాల్లో పడుకునే యాత్రికుడికి కూడా సామాను పెట్టుకోను లాకరు ఉంటుంది. చిత్తూరు నుంచి వచ్చిన చుట్టానికి వసతి చూపించడమంటే చాప పరిచి, దిండు పెట్టి, చెంబుతో నీళ్ళు పక్కన పెట్టడం. ఈ అర్థంతోనే నేను సంతకం పెట్టాను. నా అమాయకత్వం అంటే ఒప్పుకుంటాను గానీ కాగితం తెలుగులో ఇచ్చింది మీరే కదా.

2023 ఆగస్టు చివర్లో చెన్నై నుంచి ఎక్కాను. మా ఆయన, పాప బస్సులో చెన్నై దాకా వచ్చారు, పుత్తూరు దాటేదాకా పాప నా చెయ్యి వదల్లేదు. అది వేరే సంగతి, వదిలేద్దాం. దిగేసరికి రాత్రయింది. స్కూలు డ్రైవరు అబ్బాసియాలో ఒక బిల్డింగ్ ముందు దింపి వెళ్ళిపోయాడు. హారిస్, అంటే మన వాచ్‌మన్ లాంటి మనిషి, నాలుగో అంతస్తు తాళం చేతిలో పెట్టాడు. తలుపు తీసి స్విచ్ వేశాను, వెలగలేదు. ఇంకో స్విచ్ వేశాను. ఫోన్ టార్చ్ వేసి పైకి చూస్తే సీలింగ్ నుంచి రెండు వైర్లు వేలాడుతున్నాయి, బల్బు లేదు, హోల్డరూ లేదు. ‘ఎవరైనా ఉన్నారా’ అంటే నా గొంతే నాకు తిరిగి వినిపించింది. సున్నం వేసిన కొత్తింట్లో సామాను చేరకముందు మాట్లాడితే మోగుతుంది చూడండి, అట్లా. వంటింట్లో ఒక సింకు, ఒక రాతి పలక. అంతే సార్. స్టవ్ లేదు, గిన్నె లేదు, కర్టెన్ లేదు, కూర్చోడానికి ముక్కాలి పీట లేదు. బాత్‌రూమ్‌లో బకెట్ కూడా లేదు.

బయట ఆ రాత్రి వేళ కూడా పొయ్యి దగ్గర నిలబడ్డట్టుంది. లోపల బిల్డింగ్ మొత్తానికి ఒకటే ఏసీ, తగ్గించడానికి మన చేతిలో ఏమీ లేదు. నేల మొత్తం టైల్స్. రెండు కాటన్ చీరలు మడతేసి కింద పరిచి, తెచ్చుకున్న ఒక్క దుప్పటి కప్పుకుని, హ్యాండ్‌బ్యాగ్ తలకింద పెట్టుకుని పడుకున్నాను. ఎడారి దేశంలో మొదటి రాత్రి చలికి వణికానంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. పొద్దున్నే మొహం కడుక్కుందామని కొళాయి తిప్పితే చేతులు కాలాయి. టెర్రస్ మీది ట్యాంకు ఎండకి కాగి కాగి ఉంటుంది, అక్కడ ఎండాకాలంలో గీజర్ ఆపేసి అందులో నిలవున్న నీళ్ళే చల్లనీళ్ళుగా వాడుకుంటారని తర్వాత తెలిసింది. మా అమ్మ సూట్‌కేసులో అయిదు కిలోల బియ్యం, కందిపొడి, ఆవకాయ, గాంధీ రోడ్డులో కొన్న చిన్న రైస్ కుక్కరు సర్దింది. కుక్కరు ప్లగ్గు గోడకి పట్టుకెళ్తే ఎక్కలేదు. మనవి గుండ్రటి పిన్నులు, అక్కడ మూడూ పలకల పిన్నులు. బియ్యం ఉన్నాయి, కుక్కరుంది, కరెంటుంది, అన్నం మాత్రం లేదు. ఆవకాయతో బ్రెడ్ తిన్నాను. ఎవరికీ సిఫార్సు చెయ్యను.

స్కూల్లో అడిగితే అడ్మిన్ మేడం చాలా మర్యాదగా, ‘మా వసతి అన్‌ఫర్నిష్డ్ కదా, మీకు చెప్పలేదా?’ అంది. ఆ మాట అదే మొదటిసారి వినడం. కాంట్రాక్టు తీసి చూపించింది, ‘అకామడేషన్: ప్రొవైడెడ్’ అని ఉంది. ఇంగ్లీషులోనూ పాసివ్ వాయిసే. కావాలంటే జీతంలో 100 దినార్లు అడ్వాన్స్ ఇస్తాం, నెలకు 20 చొప్పున కోసుకుంటాం అంది. జీతం 190. ఒకటి చెప్పాలి, జీతం ఒక్క నెల కూడా ఆపలేదు, పిల్లలు మంచివాళ్ళు, ఆ స్కూలు మీద నాకు పగ లేదు. వాళ్ళ దృష్టిలో ఇల్లిస్తే వసతి ఇచ్చినట్టే. ఆ సంగతి ఇక్కడే నాకు చెప్పాల్సిన బాధ్యత ఎవరిది అన్నదే నా ప్రశ్న.

అడ్వాన్స్ తీసుకుని అల్ రాయ్‌లో ఫ్రైడే మార్కెట్‌కి వెళ్ళాను. పాత సామాను కొండలా పోసి అమ్ముతారు అక్కడ. దేశం వదిలిపోయేవాళ్ళ మంచాలు, సోఫాలు, ఎవరిదో పెళ్ళి ఫొటో ఇంకా అతికించి ఉన్న బీరువా. మంచం 12 దినార్లు. పరుపు పాతది కొనొద్దు, నల్లులుంటాయి అన్నారు, అందుకని కొత్తది 14. ఇవన్నీ తేవడానికి హాఫ్ లారీ, దాని బాడుగ వేరే. మంచం బిగించాక చూస్తే ఒక కోడు పొట్టి. యూనిట్ టెస్టు పేపర్ల కట్ట ఒకటి కింద పెట్టాను, రెండేళ్ళూ ఆ పేపర్ల మీదే నా మంచం నిలబడింది. స్టవ్, సిలిండరు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ నా తర్వాత వచ్చిన ఇద్దరు టీచర్లతో కలిసి కొన్నాం, ఎవరి వాటా ఎంతని ఎన్ని గొడవలు పడ్డామో రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది. మొత్తం మీద నాకు పడింది 120 దినార్లు, అప్పటి లెక్కలో 32,000 రూపాయల పైమాట. రిక్రూటింగ్ ఏజెంటు ఒక్కో మనిషి దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదని కేంద్రం రూలు ఉంది కదా. నా ‘ఉచిత’ వసతికి దాదాపు ఇంకో ఏజెంటు ఫీజంత అయింది. ఇంటికి మొదటి నాలుగు నెలలు నేను పంపింది మా ఆయనకు చెప్పుకోవడానికే సిగ్గేసింది.

అసలు బాధ ఇది కాదు సార్, ఇప్పుడు చెప్పేది. రెండో వారంలో రాజంపేట వైపు ఆవిడ ఒకరు పరిచయమయ్యారు, ఒక కువైటీ ఇంట్లో పని చేస్తారు. అక్కడ ఖద్దామా అంటారు. శుక్రవారం సెలవిస్తే మా బిల్డింగులో చెల్లెల్ని చూసి వెళ్ళేవారు. ఒకరోజు మా తలుపు తెరిచి ఉంటే తొంగిచూసి, ‘ఏం టీచరమ్మా, నేలమీదే పండుకుంటాండావా?’ అన్నారు. ఆ సాయంత్రమే ఎక్కడ్నుంచో ఒక చాప, రెండు గిన్నెలు, పలకల పిన్నుల అడాప్టరు తెచ్చిచ్చారు. ఆ అడాప్టరుతోనే మొదటిసారి అన్నం వండుకున్నాను, ఆవిడా నాతోనే తిన్నారు. మాటల్లో ‘నీ కాయితంలో మంచం ఉందని రాయలేదా? మాకు తిండి, గది అన్నీ రాసిందే’ అన్నారు. నిజమే. అక్కడ ఇంటిపనివాళ్ళ కోసం 2015లో చేసిన 68వ చట్టంలో తిండి, బట్ట, వైద్యం, తగిన వసతి యజమానే చూడాలని ఉంది. ఇక్కడ చూస్తే ఆవిడ పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే పనికి గల్ఫ్ వెళ్ళాలంటే ప్రభుత్వ క్లియరెన్సు కావాల్సిన రకం, కాబట్టి కాంట్రాక్టు కేంద్రం వాళ్ళ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎక్కాలి, క్లియరెన్సు రావాలి, ఎవరో ఒకరు చదవాలి. మేం టెన్త్ పాసైనవాళ్ళం, మాది ఈసీఎన్నార్. మాకు ఏ క్లియరెన్సూ అక్కర్లేదు, మా కాంట్రాక్టు ఎవరూ చదవరు. చదువుకున్నవాళ్ళు వాళ్ళే చూసుకుంటారని కాబోలు. నేను ఎం.ఏ., బీ.ఈడీ., చూసుకోలేకపోయాను. ఆవిడ బతుకు సుఖమని అనడం లేదు, ఆవిడ కష్టాలు చెప్తే మీరు కూర్చోలేరు. కానీ కాగితం వరకు నాకన్నా ఆవిడే నయం.

నా ఫ్లాట్‌మేట్లలో ఒకమ్మాయిది కేరళ. ఆమె సూట్‌కేసులోంచి అడాప్టరు, రెండు బల్బులు, ప్లాస్టిక్ తాడు, స్క్రూడ్రైవరు ఒక్కొక్కటే బయటికి తీస్తుంటే నేను నోరెళ్ళబెట్టి చూశాను. ‘చేచీ, అన్‌ఫర్నిష్డ్ అని వచ్చేముందే అడిగి తెలుసుకున్నా’ అంది. వాళ్ళకు నోర్కా అని ప్రవాసుల కోసం ప్రభుత్వ సంస్థ ఉంది, బయల్దేరేముందు క్లాసులు పెడతారు. మనకు క్లాసులు లేవని అనను, మేళాలో మాకూ ఒక గంట క్లాసు పెట్టారు. అందులో 40 నిమిషాలు రాష్ట్రం ఎంత ముందుకు పోతోందో చెప్పారు.

తిరిగొచ్చేటప్పుడు ఇంకో ముచ్చట. ఫ్లాటు ఖాళీగా అప్పజెప్పాలంట. నా మంచం వచ్చే టీచరుకి పనికొస్తుంది, ఉంచండి అని బతిమాలాను. రూలు ఒప్పుకోదు అన్నారు. హారిస్ ఇంకో మనిషితో కలిసి దాన్ని కిందికి మోసుకెళ్ళి చెత్త తొట్టి పక్కన నిలబెట్టాడు. ఆ యూనిట్ టెస్టు పేపర్ల కట్ట మాత్రం గదిలో మిగిలింది. అంటే నా తర్వాత వెళ్ళిన అమ్మాయి కూడా ఆ రాత్రి టార్చ్ వేసుకునే ఉంటుంది.

ఇంతకీ నేనడిగేది ఏంటంటే, నష్టపరిహారం ఇస్తే కాదనను, కానీ దాని మీద ఆశ లేదు. మీ మేళా కాగితంలో వసతి అన్న చోట ఇంకో నాలుగు లైన్లు రాయించండి. మంచం ఉందా, స్టవ్ ఉందా, ఫ్రిజ్ ఉందా, కరెంటు నీళ్ళ బిల్లు ఎవరిది, ఒక్కరికా ముగ్గురికా. లేకపోతే లేదని రాయించండి, లేదని తెలిస్తే ఎంత ఖర్చో లెక్కేసుకుని పోతాం, లేదా సామాను కోసం ముందే కొంత ఇమ్మని స్కూలునే అడుగుతాం. ఈసీఎన్నార్ వాళ్ళ కాంట్రాక్టు కూడా సంతకానికి ముందు ఎవరో ఒకరు చదివేలా చూడండి, ఇది ఢిల్లీ పని అంటారేమో, అయితే ఢిల్లీకి మీరు రాయండి, నేను రాస్తే ‘పరిష్కరించబడినది’ అని వస్తోంది. రెండో ఆఫీసు వాళ్ళు పంపామన్న ఆ పై ఆఫీసు ఎక్కడుందో కూడా కనుక్కోండి సార్, నేనే వెళ్ళి కలుస్తాను.

మొన్న బస్టాండు దగ్గర మీ మేళా పాంప్లెట్ మళ్ళీ కనిపించింది. అదే వాక్యం, ‘ఉచిత వసతి కల్పించబడును’. మా వీధిలో ఒకమ్మాయి, మొన్నే బీ.ఈడీ. అయింది, అప్లై చేసింది, సెలెక్టయింది కూడా. వచ్చే నెల 9న చెన్నై నుంచి ఫ్లైటు. నిన్న సాయంత్రం సూట్‌కేసు తూకం వేసుకుంటూ వచ్చి, ‘అక్కా, రెండు కిలోలు ఇంకా పడుతుంది, చాప పెట్టుకోనా, ప్రెషర్ కుక్కరు పెట్టుకోనా?’ అని అడిగింది. మంత్రిగారిని అడిగి చెప్తానన్నాను. 9వ తేదీ లోపల చెప్పండి.

ఇట్లు,
మూడు అర్జీల టీచరు,
తిరుపతి